కత్తెర వాళ్ల చేతికే

విడిపోయిన బ్యాండు పాతికేళ్లకు కూర్చుని తన కథ తానే చెప్పుకుంది. ఎనిమిది వీడియో క్యాసెట్లు, పది గంటలు. ‘బీటిల్స్ ఆంథాలజీ’లో ఉన్నవాటిని చూడటం ఎంత సరదాయో, లేనివాటిని వెతకడమూ అంతే సరదా.

మొదటి క్యాసెట్ 1940 జులైలో మొదలవుతుంది. డ్రమ్మర్ రింగో స్టార్ పుట్టిన నెల అది. 1963 మార్చికి వచ్చి ఆగుతుంది. అంటే దాదాపు ఇరవై మూడేళ్ల కథ. ఇక మూడో క్యాసెట్ తీసుకోండి. 1964 ఫిబ్రవరి నుంచి అదే ఏడాది జులై దాకా, ఆరు నెలల ముచ్చట. నిడివిలో రెండూ ఇంచుమించు సమానం. బాంబులు పడిన లివర్‌పూల్, అమ్మల్ని పోగొట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు, హాంబర్గ్ క్లబ్బుల్లో తెల్లవార్లూ వాయించిన రోజులు అన్నీ ఒక్క క్యాసెట్లో సర్ది, అమెరికాలో దిగిన ఆ ఆరు నెలలకు ఇంకోటి మొత్తం రాసిచ్చేశారు.

కొలత తప్పిందనిపిస్తుంది. కాసేపు చూశాక సంగతి తెలుస్తుంది. కెమెరా ఎక్కడుంటే కథ అక్కడ నెమ్మదించింది. 1957 జులై 6న ఊల్టన్ అనే చోట చర్చి తిరునాళ్లలో పదహారేళ్ల జాన్ లెనన్‌కి పదిహేనేళ్ల పాల్ మెకార్ట్నీ పరిచయమయ్యాడు. పాప్ సంగీతంలో అంతకంటే పెద్ద సంఘటన లేదనేవాళ్లున్నారు. దాన్ని సినిమా తీసినవాళ్లు ఎవరూ లేరు. 1964 ఫిబ్రవరి 7న న్యూయార్క్ విమానాశ్రయంలో దిగేసరికి మాత్రం ఎటు చూసినా కెమెరాలే. ఆల్బర్ట్, డేవిడ్ మేల్స్ అన్నదమ్ములు హోటల్ గదుల్లో, రైలు పెట్టెల్లో, కార్లలో వాళ్లను వదలకుండా తీశారు. రెండు రోజుల తర్వాత ఎడ్ సలివన్ షో. ఏడు కోట్ల ముప్ఫై లక్షల మంది చూశారంటారు. అలాంటి ముడిసరుకు చేతిలో ఉంటే ఏ ఎడిటరైనా ఆరు నెలలకు గంటకు పైగా ఇచ్చేస్తాడు.

1995 నవంబరులో టీవీలో వచ్చి, 1996లో వీడియో క్యాసెట్లుగా, లేజర్ డిస్కులుగా, 2003లో డీవీడీలుగా, 2025లో ఓటీటీలో మళ్లీ మళ్లీ పుడుతున్న సినిమా ఇది. రాక్ బ్యాండ్ల మీద డాక్యుమెంటరీలకు కొదవలేదు. దీనికున్న ప్రత్యేకత ఒక్కటే: ఎవరి కథో వాళ్లే తీశారు, వాళ్లే కోశారు, వాళ్లే అమ్మారు. ఇందులో బాగున్నవన్నీ ఆ ఒక్క నిర్ణయం వల్లే బాగున్నాయి. బాగోలేనివి కూడా దాని వల్లే.

వ్యాన్ నడిపినవాడి పట్టుదల

ఈ కథకు అసలు సూత్రధారి నలుగురిలో ఎవరూ కాదు. నీల్ ఆస్పినల్ అనే అకౌంటెంట్ కావలసిన కుర్రాడు. లివర్‌పూల్ ఇన్‌స్టిట్యూట్ బళ్లో మెకార్ట్నీకి సహాధ్యాయి, జార్జ్ హారిసన్‌కీ స్నేహితుడు. లెక్కల చదువు వదిలేసి పాత వ్యాన్‌లో బ్యాండు సామాను మోసుకు తిరిగాడు. తర్వాత వాళ్ల కంపెనీ ‘యాపిల్’కి పెద్ద అయ్యాడు. 2007 దాకా ఆ కుర్చీ వదల్లేదు.

బీటిల్స్ విడిపోతున్న రోజుల్లో, నలుగురూ లాయర్ల ద్వారా తప్ప మాట్లాడుకోని కాలంలో, ఆస్పినల్ ప్రపంచంలోని టీవీ కంపెనీలన్నిటి నుంచీ బీటిల్స్ కనిపించిన ప్రతి అడుగు ఫిల్మునూ పోగు చేయడం మొదలుపెట్టాడు. 1970ల మొదట్లో దాన్ని గంటన్నర సినిమాగా కూర్చాడు. పేరు ‘ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’. అప్పటికే మెకార్ట్నీ మిగతా ముగ్గురి మీద కోర్టుకెక్కాడు (1970 డిసెంబరు 31న దావా వేశాడు). సినిమా అటకెక్కింది.

అటక మీద కూడా అది ఊరికే ఉండలేదు. జార్జ్ ఆ రీళ్లను తన స్నేహితుడు, మాంటీ పైథాన్ బృందంలోని హాస్యగాడు ఎరిక్ ఐడిల్‌కి చూపించాడు. ఫలితం 1978లో వచ్చిన ‘ద రట్ల్స్’. బీటిల్స్ కథను అడుగడుగునా వెక్కిరించే ఉత్తుత్తి డాక్యుమెంటరీ. అందులో జార్జ్ కూడా టీవీ రిపోర్టర్‌గా చిన్న వేషం వేశాడు. అసలు సినిమా విడుదల కావడానికి పదిహేడేళ్ల ముందే దాని పేరడీ విడుదలైపోయింది! 1996లో రట్ల్స్ వాళ్లు ‘ఆర్కియాలజీ’ అని ఆల్బమ్ కూడా వేశారు. బీటిల్స్ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క ఇదేనేమో.

1980 నవంబరు చివర్లో ఒక కోర్టు కేసులో ఇచ్చిన వాంగ్మూలంలో లెనన్, తాము నలుగురం కలిసి కచేరీ చేసే ఆలోచన ఉందని, దాన్ని ఆ సినిమాకు ముగింపుగా వాడతామని చెప్పాడు. డిసెంబరు 8న న్యూయార్క్‌లో ఇంటి గుమ్మం ముందే ఆయన్ను కాల్చి చంపారు.

తర్వాత దశాబ్దం లావాదేవీలతోనే గడిచింది. రికార్డు కంపెనీ ఈఎంఐతో రాయల్టీల తగాదా 1989లో తేలాక గానీ ఆస్పినల్ పెట్టెలు మళ్లీ తెరుచుకోలేదు. అప్పుడు కూడా ఒక పేచీ. ‘ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’ పాల్ రాసిన పాట కదా, అందరి సినిమాకూ అతని పాట పేరేమిటన్నది జార్జ్ అభ్యంతరం. అలా ఎవరి పాటా కాని ‘ఆంథాలజీ’ వచ్చింది. జార్జ్ ఈ పనికి ఒప్పుకోవడానికి డబ్బు కూడా కారణమని అప్పట్లోనే రాశారు. ఆయన పెట్టిన హ్యాండ్‌మేడ్ ఫిల్మ్స్ సినిమా కంపెనీ బాగా దెబ్బతింది. కారణం ఏదైతేనేం, కూర్చున్నాడు. కూర్చుని మిగతా ఇద్దరికంటే నిష్ఠూరంగా మాట్లాడాడు. ఆ నిష్ఠూరం లేకపోతే ఇది ఉత్త పొగడ్తల దండ అయ్యేది.

ఏడు గొంతులు

న్యూక్యాజిల్ టీవీ కార్యక్రమం ‘ద ట్యూబ్’ నుంచి జెఫ్ వాన్‌ఫర్‌ని దర్శకుడిగా తెచ్చారు. చిప్స్ చిప్పర్‌ఫీల్డ్ నిర్మాత, బాబ్ స్మీటన్ సిరీస్ డైరెక్టర్. ‘ద ట్యూబ్’ని నడిపిన పియానో విద్వాంసుడు జూల్స్ హాలండ్ ప్రశ్నలడిగాడు. తెర మీద ఆయన జాడ పెద్దగా కనిపించదు, మంచిదైంది. ఎందుకంటే ఈ సినిమా పెట్టుకున్న నియమం చాలా కఠినం. వ్యాఖ్యాత ఉండడు. విమర్శకులు ఉండరు. ‘ఆ రోజుల్లో నేను అక్కడే ఉన్నాను’ అనే పక్కింటివాళ్లు ఉండరు. కొత్తగా తీసిన ఇంటర్వ్యూల్లో వినిపించేవి ఆరే గొంతులు: పాల్, జార్జ్, రింగో, నిర్మాత జార్జ్ మార్టిన్, పత్రికా వ్యవహారాలు చూసిన డెరెక్ టేలర్, ఆస్పినల్. ఏడో గొంతు లెనన్‌ది. పాత రేడియో, టీవీ ఇంటర్వ్యూల నుంచి తీసి పేర్చారు.

ఈ పేర్పు మామూలు పని కాదు. మిగతా ముగ్గురూ యాభై ఏళ్ల మనుషులు. తాపీగా, ఒకరు తోటలో, ఒకరు పడవ మీద, నెరిసిన జుట్టుతో గుర్తు చేసుకుంటుంటారు. లెనన్ మాత్రం ఎప్పటికప్పుడే మాట్లాడతాడు. ఇరవై నాలుగేళ్ల కొంటెతనం ఒకచోట, ముప్ఫై ఏళ్ల కోపం ఇంకోచోట, నలభై నిండుతున్నప్పటి నెమ్మది మరోచోట. వాళ్లకు జ్ఞాపకం ఉంది, ఇతనికి అది లేదు. పక్కపక్కన పెట్టేసరికి లెనన్ ఒక్కడే ఇంకా ఆ కాలంలో బతుకుతున్నట్టు ఉంటాడు. చనిపోయినవాడికి సమాధానం చెప్పే అవకాశం లేదని ఎడిటర్లకు తెలుసు. అందుకే చాలాచోట్ల చివరి మాట ఆయనకే వదిలారు.

వ్యాఖ్యాత లేకపోవడంలో ఇంకో సుఖముంది. ఎవరు నిజం చెబుతున్నారో తేల్చే బాధ్యత ఎవరికీ లేదు. 1965 ఆగస్టు 27 రాత్రి లాస్ ఏంజిలిస్‌లో ఎల్విస్ ప్రెస్లీ ఇంటికి వెళ్లారు నలుగురూ. ఆ రాత్రి ఏం జరిగిందని అడిగితే ఒకరి మాట ఒకరిది కాదు. కెమెరా ఒకరి నుంచి ఇంకొకరికి దూకుతుంటే మనకు నవ్వాగదు. జీవితంలో మరిచిపోలేని రాత్రి అని అందరూ అంటారు, ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. అదే ఏడాది అక్టోబరులో రాణి చేతుల మీదుగా ఎంబీఈ పతకాలు తీసుకునే రోజు బకింగ్‌హామ్ ప్యాలెస్ బాత్రూమ్‌లో గంజాయి తాగామని లెనన్ ఎప్పుడో చెప్పాడు. అబ్బే, మామూలు సిగరెట్లేనని జార్జ్ కొట్టిపారేస్తాడు. సినిమా ఎవరి పక్షమూ వహించదు.

చిన్న గాయాలు మాత్రం ఎవరికీ మరుపు రాలేదు. 1962 సెప్టెంబరులో మొదటి రికార్డు కోసం స్టూడియోకి వెళ్తే, జార్జ్ మార్టిన్ రింగోని పక్కన కూర్చోబెట్టి ఆండీ వైట్ అనే కిరాయి డ్రమ్మర్ చేత వాయించాడు. ముప్ఫై ఏళ్లు దాటాయి, కోటీశ్వరుడయ్యాడు, ప్రపంచం నెత్తిన పెట్టుకుంది. అయినా ఆ సంగతి చెబుతున్నప్పుడు రింగో గొంతులో కసి తగ్గలేదు.

మనీలా నుంచి ఢిల్లీకి, అక్కడి నుంచి గంగ ఒడ్డుకు

ఐదో క్యాసెట్ 1966 జులైలో ముగుస్తుంది, ఆరోది అక్కడే మొదలవుతుంది. మన దేశానికి సంబంధించిన కథ ఈ అతుకు దగ్గరే తగులుతుంది.

ఫిలిప్పీన్స్‌లో కచేరీకి వెళ్లారు. అధ్యక్షుడి భార్య ఇమెల్డా మార్కోస్ విందుకు పిలిచింది. ఆహ్వానం వాళ్ల దాకా సరిగ్గా చేరలేదు, మేనేజర్ బ్రయాన్ ఎప్స్టీన్ అలాంటివి ఒప్పుకునేవాడూ కాదు. పిల్లలు ఎదురుచూస్తున్న ఖాళీ కుర్చీలను టీవీలో చూపించారు. తెల్లారేసరికి పోలీసు కాపలా మాయం, హోటల్లో టిఫిన్ కూడా పైకి పంపినవాడు లేడు. విమానాశ్రయంలో ఎస్కలేటర్లు ఆపేశారు. జనం తోశారు, తన్నారు. విమానం ఎక్కి కూర్చున్నాక కూడా దింపేస్తారేమోనన్న భయం. ఈ ఉదంతాన్ని ముగ్గురూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ చెబుతారు. పది గంటల్లోనూ కథ చెప్పడంలో ఇదే మేటి భాగమని నా అభిప్రాయం. భయం ఎంత నిజమో, ఇన్నేళ్లకు దాన్ని తలుచుకుని నవ్వుకోవడం కూడా అంతే నిజం.

విమానం ఢిల్లీలో ఆగింది. జార్జ్ మంచి సితార్ కొనుక్కోవాలని ముందే దిగే ఏర్పాటు చేసుకున్నాడు. మిగతావాళ్లు ఇంటికి పోదామనుకున్నారు గానీ వాళ్ల సీట్లు అప్పటికే వేరేవాళ్లకు అమ్మేశారు. దిగక తప్పలేదు. ఇండియాలో తమను ఎవరూ గుర్తుపట్టరనుకున్నారు. ఢిల్లీ విమానాశ్రయంలో వాళ్ల కోసం జనం కాచుకుని ఉన్నారు! కన్నాట్ ప్లేస్‌లోని రిఖీ రామ్ వాద్యాల దుకాణానికి ఆ ప్రయాణంతో వచ్చిన పేరు ఇప్పటికీ ఉంది. కచేరీలు మానేద్దామన్న మాట గట్టిపడింది కూడా ఈ ప్రయాణంలోనే. ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్కులో పర్యటనల ఆఖరి కచేరీ చేశారు.

ఆ తర్వాత ఏడో క్యాసెట్. 1967 ఆగస్టు 27. నలుగురూ మహర్షి మహేశ్ యోగి శిబిరం కోసం వేల్స్‌లోని బ్యాంగర్‌లో ఉన్నారు. లండన్‌లో ఎప్స్టీన్ చనిపోయాడని ఫోనొచ్చింది. ఆయనకు ముప్ఫై రెండేళ్లు. వార్త తెలిసిన కాసేపటికే విలేఖరులు మైకులు పెట్టారు. జార్జ్, లెనన్ ఏదో జవాబు చెబుతుంటారు. ధ్యానం గురించి, ఆత్మ గురించి మహర్షి చెప్పిన మాటలు నోటికొస్తుంటాయి, కళ్లలో మాత్రం బిత్తరచూపు. పాతికేళ్ల కుర్రాళ్లు తండ్రి లాంటివాణ్ణి పోగొట్టుకుని, ఏడవడానికి కూడా వీల్లేక కెమెరా ముందు నిలబడ్డారు. ఆ దృశ్యం మీద ఎవరూ వ్యాఖ్యానించలేదు, అవసరం కూడా లేదు. ఆ తర్వాతి రెండేళ్ల గందరగోళానికి కారణం చెప్పమంటే ఈ ఒకటి రెండు నిమిషాలు చూపిస్తే చాలు.

1968 ఫిబ్రవరిలో రిషీకేశ్. రింగో పది రోజులకే తిరుగుముఖం పట్టాడు, ఆశ్రమం తిండి పడలేదు. మెకార్ట్నీ నెల దాటాక వెళ్లాడు. లెనన్, హారిసన్ ఏప్రిల్ దాకా ఉండి, మహర్షి మీద వచ్చిన ఒక పుకారుతో అలిగి వెళ్లిపోయారు. ‘వైట్ ఆల్బమ్’లోని పాటల్లో సగానికి సగం అక్కడ పుట్టినవే. పాశ్చాత్య పత్రికలు ఆ పుకారును దశాబ్దాలపాటు నమిలాయి. ఇక్కడ మాత్రం జార్జ్ సూటిగా చెబుతాడు, అక్కడ జరగకూడనిదేదీ జరగలేదని. కథ తమ చేతిలో ఉన్నందుకు ఇదొక మేలు. పాతికేళ్ల ఆలస్యంగానైనా ఒక పెద్దమనిషి పరువు కాస్త నిలిపారు.

1994 జూన్‌లో జార్జ్ ఇల్లు ఫ్రయర్ పార్క్ తోటలో ముగ్గురూ గడ్డి మీద కూర్చున్నారు. చేతుల్లో యుకులేలీలు. జార్జ్ రిషీకేశ్ రోజుల్లో కట్టి, అప్పటిదాకా బయటికి తేని ‘డెహ్రాడూన్’ పాట ఎత్తుకుంటాడు. మిగతా ఇద్దరూ నవ్వుతూ వింటారు. 2003 డీవీడీలో ఐదో డిస్కు ఎనభై ఒక్క నిమిషాల అదనపు సరుకు. అందులో ఈ తోట ముచ్చట్లు విడిగా ఉన్నాయి. 2001 నవంబరు 29న జార్జ్ క్యాన్సర్‌తో పోయాడు కాబట్టి, డీవీడీ వచ్చేనాటికి ఆ ముచ్చట్ల రంగే మారిపోయింది.

క్యాసెట్లో మిగిలిన గొంతు

సినిమాకు నేపథ్య సంగీతం కావాలన్న మాటతో మొదలై, ముగ్గురూ కలిసి కొత్త పాటే చేద్దామన్న దాకా వచ్చింది. లెనన్ లేకుండా బీటిల్స్ పాట ఏమిటి? 1994 జనవరిలో లెనన్‌కి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం ఇచ్చిన సందర్భంలో ఆయన భార్య యోకో ఓనో, ఆయన ఇంట్లో పియానో దగ్గర పాడి దాచుకున్న క్యాసెట్లను మెకార్ట్నీ చేతికిచ్చింది. కోర్టుల్లో ఏళ్ల తరబడి గడిపిన రెండు ఇళ్ల మధ్య ఈ ఇచ్చిపుచ్చుకోవడం చిన్న విషయం కాదు.

‘ఫ్రీ యాజ్ ఎ బర్డ్’ 1977 నాటి డెమో. మామూలు టేప్ రికార్డరు, ఒకే ట్రాకు. పియానో, గొంతు ఒకదాన్నుంచి ఒకటి విడదీయలేనట్టు కలిసిపోయాయి. తాళం నిలకడగా లేదు. ససెక్స్‌లో మెకార్ట్నీ స్టూడియోలో నిర్మాత జెఫ్ లిన్ దాన్ని సరిచేసి, చుట్టూ మిగతా ముగ్గురి వాద్యాలు, గొంతులు చేర్చాడు. వినికిడి తగ్గిన జార్జ్ మార్టిన్ ఈ పని చేపట్టలేదు. పని మొదలుపెట్టడానికి వాళ్లు ఒక చిన్న అబద్ధం చెప్పుకున్నారట: జాన్ సెలవు మీద వెళ్లాడు, టేపు ఇచ్చి మీరు పూర్తి చేయండని చెప్పాడు అని. ఆ అబద్ధం లేకపోతే అంత బరువు కింద ఎవరి చెయ్యీ కదిలేది కాదు.

పాట ఎలా ఉంది? పెద్ద పాటేమీ కాదు. నెమ్మది నడక, లెనన్ గొంతు గోడ అవతల నుంచి వస్తున్నట్టు ఉంటుంది. 1995 డిసెంబరులో బ్రిటన్‌లో అది రెండో స్థానం దాటలేదు. పైన మైకేల్ జాక్సన్ ‘ఎర్త్ సాంగ్’ కూర్చుంది. అయితే జో పిట్కా తీసిన దాని వీడియో మాత్రం అద్భుతం. పక్షి కళ్లతో లివర్‌పూల్ వీధుల మీదుగా ఎగురుతుంటే ఒక్కో మూలలో ఒక్కో బీటిల్స్ పాట ఆనవాలు తగులుతుంది. వీడియో క్యాసెట్ కొన్నవాళ్లు ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసి లెక్కపెట్టుకున్నారు. ఇంట్లో చూసుకునే వీడియోకి ఇంతకంటే సరైన సరుకు లేదు. ఆ వీడియోకి, ఆంథాలజీ సిరీస్‌కి 1997లో వేర్వేరుగా గ్రామీలు వచ్చాయి.

రెండో పాట ‘రియల్ లవ్’. మూడోది ‘నౌ అండ్ దెన్’. 1995లో మొదలుపెట్టి వదిలేశారు. టేపులో కరెంటు గుర్రుమంటోంది, పైగా జార్జ్‌కి నచ్చలేదు. 2021లో దర్శకుడు పీటర్ జాక్సన్ తన బీటిల్స్ డాక్యుమెంటరీ ‘గెట్ బ్యాక్’ కోసం తయారుచేయించిన మెషీన్ లెర్నింగ్ పద్ధతి లెనన్ గొంతును పియానో నుంచి శుభ్రంగా వేరు చేసింది. 2023 నవంబరు 2న పాట విడుదలై బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. 1995లో జార్జ్ వాయించిన గిటారు అందులో ఉంది. అంటే ఆ రోజు పని వృథా కాలేదు, వాయిదా పడిందంతే.

చింపిన మొహం

1996లో వీడియో క్యాసెట్ అంటే మన ఊళ్లలో ముందు గుర్తొచ్చేది పెళ్లి క్యాసెట్. అందులో వంటశాల నుంచి అప్పగింతల దాకా అన్నీ ఉంటాయి, విడిదింట్లో జరిగిన పేచీ తప్ప. ఆంథాలజీ కూడా అంతే.

పేచీలు ఎక్కడెక్కడ కోసేశారో వెతకడం కష్టం కాదు. 1969లో యాపిల్‌ని చేతిలోకి తీసుకుని మెకార్ట్నీని మిగతా ముగ్గురి నుంచి విడదీసిన మేనేజర్ ఆలెన్ క్లయిన్ మీద గంట సినిమా తీయొచ్చు. ఇక్కడ ఆయన అతిథి వేషంలా వచ్చి పోతాడు. యోకో పేరు వచ్చినప్పుడల్లా ముగ్గురూ మాటను తూచి వదులుతారు. ఎందుకంటే లెనన్ తరఫున ఒప్పుకోవలసింది ఆమే. నలుగురి వైపు నుంచీ సరేనన్నదే తెరకెక్కుతుంది. భార్యలు మాట్లాడరు. మొదటి భార్యలైన సింథియా, మోరీన్, ప్యాటీ కళ్లతో ఈ కథ ఎలా ఉండేదో ఊహించుకోవలసిందే.

అన్నిటికంటే కొట్టొచ్చినట్టు కనిపించే లోటు పీట్ బెస్ట్. రింగో కంటే ముందు రెండేళ్లు డ్రమ్ములు వాయించినవాడు. 1962 ఆగస్టు 16న ఎప్స్టీన్ పిలిచి పొమ్మన్నాడు. నలుగురిలో ఒక్కరూ ఎదురుపడి చెప్పలేదు. ఈ పది గంటల్లో ఆయన ఇంటర్వ్యూ లేదు. సినిమాతోపాటు వచ్చిన మొదటి ఆల్బమ్ అట్టకు హాంబర్గ్ రోజుల మిత్రుడు క్లాస్ వూర్మన్ పాత ఫొటోలు, పోస్టర్లు చింపి అతికించినట్టు బొమ్మ వేశాడు. అందులో ఒక పాత ఫొటోలో పీట్ బెస్ట్ తలకాయ చింపేసి ఉంటుంది. ఆ చిరుగులోంచి రింగో మొహం తొంగిచూస్తుంది. ఇది పొరపాటని ఎవరూ అనుకోరు. చిత్రమేమిటంటే, అదే ఆల్బమ్‌లో పది పాటల మీద డ్రమ్ములు వాయించింది బెస్టే. ముప్ఫై మూడేళ్ల తర్వాత ఆ రాయల్టీలతో ఆయనకు చేతినిండా డబ్బొచ్చింది. మొహం చింపారు, వాటా మాత్రం ఇచ్చారు.

వేరేవాళ్లు చెప్పిన కథ ఎలా ఉంటుందో చూడాలంటే 1982 నాటి ‘ద కంప్లీట్ బీటిల్స్’ ఉంది. నటుడు మాల్కం మెక్‌డవెల్ గొంతుతో, రెండు గంటల్లో, సూటిగా సాగుతుంది. వీడియో క్యాసెట్‌గా అది బాగా ఆడింది. ఆంథాలజీకి దారి సుగమం చేయడానికి మెకార్ట్నీ దాని హక్కులు కొని బజారు నుంచి తప్పించాడని చెబుతారు. నిజమైతే, కత్తెర వాళ్ల చేతిలో ఉండటమంటే ఏమిటో దీన్ని మించిన ఉదాహరణ లేదు.

క్యాసెట్, డిస్కు, మేఘం

అమెరికాలో ఏబీసీ టీవీ 1995 నవంబరు 19, 22, 23 తేదీల్లో మూడు రాత్రులు ప్రసారం చేసింది. ఆ వారం తన పేరునే ‘ఏ-బీటిల్స్-సీ’ అని మార్చుకుంది. బ్రిటన్‌లో ఐటీవీలో ఆరు భాగాలుగా వచ్చింది. అదంతా ప్రకటనలు పోను ఐదు గంటల సరుకు. 1996లో వచ్చిన ఎనిమిది క్యాసెట్ల పెట్టెలో అది రెట్టింపైంది. టీవీలో రెండు చరణాలకే ఆగిపోయిన పాటలు ఇక్కడ ఊపిరి పీల్చుకున్నాయి. 1965 ఆగస్టు 15న షే స్టేడియంలో యాభై అయిదు వేల మంది కేకల మధ్య తమకే తమ పాట వినపడని కచేరీ, 1969 జనవరి 30న యాపిల్ ఆఫీసు డాబా మీద చలిలో వాయించిన ఆఖరి మధ్యాహ్నం తీరిగ్గా చూసే వీలు దొరికింది. అసలు ఆంథాలజీ అంటే ఈ క్యాసెట్ల పెట్టే. టీవీలో వచ్చింది దాని ట్రైలర్.

2025లో పీటర్ జాక్సన్ బృందం బొమ్మను శుభ్రం చేసింది. జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ చాలా పాటలకు కొత్త మిక్స్ చేశాడు. నవంబరు 26 నుంచి మూడు రోజులపాటు డిస్నీ ప్లస్‌లో వచ్చింది, ఆలివర్ మర్రీ తీసిన తొమ్మిదో భాగంతో సహా. 1994, 95లో ముగ్గురూ కూర్చుని ఈ పని చేస్తున్నప్పుడు తీసిన దృశ్యాలవి. అంటే జ్ఞాపకాల సినిమాకు తయారైన జ్ఞాపకాల సినిమా. ఆస్పినల్ లేడు, మార్టిన్ లేడు, టేలర్ లేడు, జార్జ్ లేడు. కత్తెర ఇప్పుడు వారసుల చేతిలో, ఇద్దరు ముసలి పెద్దమనుషుల చేతిలో ఉంది. 2028 ఏప్రిల్‌లో శామ్ మెండిస్ నలుగురి మీద నాలుగు కథా చిత్రాలు తెస్తానంటున్నాడు. ఒక్కొక్కరి కళ్లతో ఒక్కోటి. 1995లో పక్కపక్కన పేర్చి మనకు వదిలేసిన తేడాలకు అప్పుడు వేర్వేరు టిక్కెట్లు కొనాలన్నమాట.

కొత్తగా చూడబోయేవాళ్లు ఒకటో భాగంతో మొదలుపెట్టకండి. ముందు ఐదు, ఆరు చూడండి. మనీలా, ఢిల్లీ, కచేరీలకు స్వస్తి, ‘సార్జంట్ పెప్పర్’ ఆల్బమ్, అన్నీ అక్కడే ఉన్నాయి. నచ్చితే వెనక్కి వెళ్లి లివర్‌పూల్ చూడండి. ఎనిమిదో భాగం దగ్గర అందరూ మర్యాదగా మాట్లాడుతున్నారే, మరి ఎందుకు విడిపోయారని చిరాకేస్తే ఆపేసి జాక్సన్ తీసిన ‘గెట్ బ్యాక్’ పెట్టుకోండి. 1969 జనవరిలో మైకేల్ లిండ్సే-హాగ్ తీయించిన రీళ్లు అవి. దాదాపు ఎనిమిది గంటలు. అందులో జార్జ్ ఎవరినీ తిట్టకుండానే, భోజనాల వేళకు, బ్యాండు మానేసి ఇంటికెళ్లిపోతాడు.